అన్నీ మందులే

మా ఆటలో ఆకుపచ్చకు పది మార్కులు. నీలానికి అయిదు, పసుపుకు రెండు, ఎరుపుకు ఒకటే.

మందు సీసాల మీది కాగితాలను నీళ్లలో నానబెట్టి, ఊడదీసి, వాటి మీదుండే రంగు త్రికోణాన్ని బ్లేడుతో కోసి పాత నోటుబుక్కులో గంజితో అతికించుకునేవాళ్లం. అగ్గిపెట్టె బొమ్మలు దాచుకునే పిల్లలు కూడా ఊళ్లో ఉన్నారు. కానీ వాటి కోసం బీడీలు తాగేవాళ్ల వెంట తిరగాలి, బతిమాలాలి. మందు సీసాలకు ఆ బాధ లేదు. పత్తి చేల గెట్ల మీద, బావుల దగ్గర, ఒర్రెల్లో ఎక్కడ పడితే అక్కడ దొరికేవి. కాగితం మొండికేసి ఊడకపోతే వేలికి ఉమ్మి రాసుకుని రుద్దేవాళ్లం. మళ్లీ అదే వేలికి, మళ్లీ ఉమ్మి.

ఎరుపుకు విలువ లేకపోవడానికి కారణం, అది గంపలకొద్దీ దొరకడమే. నా పుస్తకంలో ఎర్ర త్రికోణాలు పేజీలకు పేజీలు ఉండేవి. ఆకుపచ్చవి రెండంటే రెండు. అందులో ఒకటి బిచ్కుంద నుంచి మా మేనత్త కొడుకు తెచ్చి ఇచ్చింది, దానికి బదులు నేను ఇచ్చుకున్నది ఒక గోటీల సంచి.

ఆ రంగుల అర్థం నాకు తెలిసేసరికి డిగ్రీలోకి వచ్చాను. అది విషం లెక్క. ప్రయోగశాలలో ఎలుకలకు మందు పెడతారు. పెట్టిన ఎలుకల్లో సగం చచ్చే మోతాదు ఎంతో చూస్తారు. ఎలుక బరువు కిలోకు 50 మిల్లీగ్రాముల లోపే ఆ పని జరిగిపోతే డబ్బా మీద ఎరుపు. 51 నుంచి 500 దాకా అయితే పసుపు, 501 నుంచి 5000 దాకా నీలం, అంతకు మించితే ఆకుపచ్చ. ఎరుపుకు పైన పుర్రె, ఎముకల బొమ్మ కూడా ఉంటుంది. మేము ఆ బొమ్మను కోసి పారేసేవాళ్లం, పుస్తకంలో చోటు దండగని. మా మార్కుల పట్టిక శాస్త్రం పట్టికకు సరిగ్గా తలకిందులు. అయితే ఒక విషయంలో మాదే నిజమైన లెక్క అనిపిస్తుంది. మద్నూర్ చేలల్లో ఏ రంగు ఎంత పోశారో ఆ నోటుబుక్కు చూస్తే తెలిసేది.

మద్నూర్ అంటే రేగడి. వాన పడితే చెప్పును పట్టుకుని వదలని నల్లమట్టి. అప్పట్లో నిజామాబాద్ జిల్లాకు పడమటి కొస, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. సలాబత్‌పూర్ చెక్‌పోస్టు దాటితే మహారాష్ట్ర. జుక్కల్ మీదుగా పోతే కర్ణాటక. మా బాపు సంతలో మరాఠీ, కచేరీలో ఉర్దూ, ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు. కన్నడం మాట్లాడే చుట్టాలు వస్తే అదీ వచ్చేది. ఇన్ని భాషలున్న చోట ఒక్క వస్తువుకు నాలుగు పేర్లు ఉండడం మామూలే. చిత్రమేమిటంటే, పత్తి మీద కొట్టే ఆ విషానికి మాత్రం నాలుగు భాషలూ కూడబలుక్కున్నట్టు ఒకే పేరు పెట్టాయి. మనకు మందు. మరాఠీ వాళ్లకు ఔషధ్. ఉర్దూలో దవా. కన్నడం వాళ్లూ ఔషధి కొట్టాలనే అంటారు. జ్వరానికి వేసుకునేదీ అదే, చేనుకు కొట్టేదీ అదే.

తెలుగులో ఇంకా దారుణం. పొలానికి వేసే యూరియా మందు, సారా మందు, పటాకుల్లో కూరేది మందు, కాలికి రాసుకునేది మందు. "వాడు మందు తాగిండు" అని ఎవరైనా పరుగెత్తుకొస్తే, చెప్పేవాడి మొహం చూసి గానీ ఏ మందో తెలిసేది కాదు. బస్టాండు దగ్గర రెండు దుకాణాలు పక్కపక్కనే ఉండేవి, ఒకటి మనుషులకు, ఒకటి పత్తికి. రెండిటికీ మా ఊళ్లో మందుల దుకాణమనే పేరు.

మా నాయనమ్మకు తెలిసిన విషాలు వేరు. వాటికి పేర్లుండేవి, ఇల్లూ వాకిలీ ఉండేవి. పెంటకుప్ప దగ్గర ఉమ్మెత్త. గుడి వెనక పచ్చగన్నేరు. దడి మీద గురివింద తీగ. పొలం గెట్టున జిల్లేడు. అటక మీద డబ్బాలో నల్లజీడి గింజలు. ఒక్కోదాని దగ్గర ఒక్కో కట్టడి. గురివింద గింజ చేతిలో పట్టుకోవచ్చు, కొరకొద్దు. కంసాలి తూకానికి వాడే గింజే, కొరికితే ప్రాణం తీస్తుంది. గట్టి తొక్క పగలకుండా మింగితే చాలాసార్లు అట్లాగే బయటికి పోతుంది గానీ, నమిలితే అందులోని అబ్రిన్ వదలదు. నల్లజీడి రసం బట్టల మీద గుర్తులు పెట్టడానికి. మాడిన సిరాలాగా చెరగదు. అదే రసం ఒంటికి తగిలితే బొబ్బలు. నేను ఒకసారి ఆ రసంతో చెయ్యి మీద నా పేరు మొదటి అక్షరం రాసుకున్నాను. 'మ' ఎంతసేపు అందంగా ఉందో తెలియదు, మూడో రోజుకు అది చీము పట్టిన కురుపయ్యింది. ఇప్పటికీ మణికట్టు మీద ఒక మచ్చ, ఏ అక్షరమూ కాని మచ్చ.

ఆముదం సంగతి ఇంకో తీరు. ఆముదపు గింజ విషం, ఆముదం విషం కాదు. నాయనమ్మ గింజలు వేయించి, దంచి, నీళ్లలో వేసి పొద్దంతా ఉడకబెట్టి పైకి తేలిన నూనెను గరిటెతో తీసేది. గింజలోని రైసిన్ నూనెలోకి రాదు, పిప్పిలో ఉండిపోతుంది, అదీ వేడికి చెడిపోతుంది. ఆమెకు రైసిన్ అన్న మాట తెలియదు. "పిప్పి పసులకు ముట్టనియ్యకు" అన్నది మాత్రం తెలుసు.

ఉమ్మెత్త అంటే ఆమెకు భయం కాదు, ఒక రకం చనువు. "అది ముట్టినంక సెయ్యి కడుగు బిడ్డా. తింటే పిచ్చి లేస్తది, గోడలతోని మాట్లాడుతవు." ఉబ్బసం ఉన్నవాళ్లు ఎండిన ఉమ్మెత్త ఆకును చుట్టలా చుట్టి పొగ పీల్చేవాళ్లట. వినాయక చవితికి మాత్రం కోసుకురమ్మని మమ్మల్నే పంపేది. ఇరవై ఒక్క పత్రిలో దత్తూర పత్రం ఉమ్మెత్తే. కరవీరం గన్నేరు, అర్కపత్రం జిల్లేడు. విఘ్నేశ్వరుడికి మూడు విషాలు పెట్టి చేతులు కడుక్కునేవాళ్లం.

ఇక నాము.

1987లో వానలు మొహం చాటేశాయి. దేశమంతా కరువన్నారు, మాకు మాత్రం మా చేను ఒక్కటే ఎండినట్టుండేది. జొన్న మోకాలెత్తు దాటలేదు. ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయి, మధ్యాహ్నం చూస్తే బూడిద రంగు. శ్రావణం వెళ్తుండగా ఒక జల్లు పడింది. రెండు రోజుల్లో ఆ వాడిపోయిన జొన్నే కళ్లు చెదిరేంత పచ్చగా లేచింది. నాయనమ్మ పొద్దున్నే బాపుతో అంది: "ఎండవడ్డ జొన్న మీద వానవడ్డది. పసులను అటు తోలకున్రి."

తోలలేదు. అవే పోయాయి. సాయంత్రం మేత నుంచి వస్తుంటే ఆకలి మీదున్న మైల ఎద్దు, దాని వెనక పాలిచ్చే బర్రె గెట్టు దాటి చేన్లో పడ్డాయి. వాటి వెంట వస్తున్నది నేనే. ఎనిమిదేళ్ల వాణ్ని, కట్టె పట్టుకుని అరుస్తూ తిరిగానే గానీ అవి కదల్లేదు. ఎంతసేపు తిన్నాయి? పది నిమిషాలు ఉండదు. ఇంటి దారి పట్టాక చింతచెట్టు దగ్గర ఎద్దు ఆగింది. ముక్కుపుటాలు ఇంతింత చేసి గాలి లాగుతోంది, గాలి ఎంత ఉన్నా చాలనట్టు. నోట్లోంచి నురగ. కాళ్లు నాలుగూ వేర్వేరు దిక్కులకు జారి పక్కకు పడిపోయింది. ఎవరో "నాము! నాము పట్టింది!" అని కేక వేశారు. మజ్జిగ తెచ్చారు, బెల్లం నీళ్లు తెచ్చారు. గొట్టంలో పోస్తుంటే అది మింగలేదు.

పశువుల డాక్టరు వచ్చేసరికి ఎద్దు పోయింది. ఆయన దాని చెవి దగ్గర చిన్న గాటు పెట్టి రక్తం చూశాడు. మోదుగు పువ్వు రంగులో, చచ్చిన పశువుకు ఉండకూడనంత ఎర్రగా ఉంది. "గాలి రక్తంల ఉంది, కండకు అందలే," అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే. బర్రె ఇంకా నిలబడే ఉంది, వణుకుతోంది. దానికి సూది వేశాడు. సంచి వెతికి, "పొట్టల జొన్నాకు ఉంది కదా, ఇంకా ఊరుతది. తాపడానికి మందు లేదు నా తాన" అని నా వైపు చూశాడు. "ఫొటో స్టూడియో తెలుసా? ఉరుకు. హైపో అడుగు. ఫొటోలు కడిగే హైపో."

ఆ పరుగు నాకు ఇంకా గుర్తుంది. బస్టాండు దాకా ఒక్క ఊపిరి. స్టూడియో ఆయన ఎర్ర బల్బు గదిలోంచి విసుగ్గా బయటికి వచ్చాడు. మాట వినగానే లోపలికి పోయి, ఉర్దూ పేపరు ముక్కలో పొట్లం కట్టి తెచ్చాడు. "పైసలు తర్వాత, పో." దారిలో పొట్లం కొంచెం విప్పి చూశాను. పటిక ముక్కల్లా, కలకండలా తెల్లగా, చల్లగా ఉన్నాయి. డాక్టరు వాటిని బకెట్లో కరిగించి గొట్టంతో బర్రె గొంతులో పోశాడు. ఇంట్లో అన్నాలు తినేవేళకు బర్రె వణుకు తగ్గింది. తెల్లారి పాలు పిండారు గానీ ఎవరూ తాగలేదు.

ఇప్పుడు చెప్పడం తేలిక. లేత జొన్నలో ధుర్రిన్ అనే పదార్థం ఉంటుంది. ఆకు నలిగినప్పుడు, పశువు కడుపులో నానినప్పుడు అందులోంచి సైనైడ్ విడుదలవుతుంది. మొక్క లేతగా ఉంటే ఎక్కువ, ఎండకు దెబ్బ తిని మళ్లీ చిగురిస్తే ఇంకా ఎక్కువ, కోసిన మోళ్ల నుంచి వచ్చే పిలకల్లోనూ ఎక్కువే. ఎదిగి ఎండిన చొప్పలో భయం ఉండదు. సైనైడ్ కణాల్లో ఆక్సిజన్ వాడుకునే ఎంజైమ్‌ను బిగించేస్తుంది. అందుకే రక్తం అంత ఎర్రగా ఉంటుంది, ఆక్సిజన్‌ను ఎవరూ తీసుకోలేదు. హైపో అంటే సోడియం థయోసల్ఫేట్. ఫొటో కాగితం మీద వెలుతురు తగలని వెండి లవణాన్ని కరిగించేదే, పశువు ఒంట్లో గంధకం అందించి సైనైడ్‌ను థయోసయనేట్‌గా మారుస్తుంది, అది మూత్రంలో పోతుంది. ఇదంతా తర్వాత చదువుకున్నది. ఆ సాయంత్రం నేను నేర్చుకున్నది వేరే. నాయనమ్మ పొద్దున చెప్పిన మాటలో ఎండ ఉంది, వాన ఉంది, జొన్న ఉంది. ఒక విషం ఎప్పుడు విషమో చెప్పే మాట అది. మాకు ఆ మాట ఉండి కూడా ఎద్దు పోయింది. అసలు ఏ మాటా లేని చోట?

పత్తి మందు విషయంలో అదే. దానికి ఇల్లు లేదు, కాలం లేదు, నాయనమ్మ దగ్గర సామెత లేదు. పేరు కూడా సగమే: మోనోక్రోటోఫాస్ మోనో అయ్యింది, ఎండోసల్ఫాన్ ఎండో అయ్యింది. ఊరి పక్కనే పత్తి జిన్నింగు మిల్లులున్న చోట పత్తి వద్దనేవాడు ఎవడు. శనగపచ్చ పురుగు కాయను తొలిచిన ఏడు వారానికి రెండుసార్లు కొట్టారు. దుకాణంలో ఇచ్చిన రెండు మందులు, పక్క చేను వాడు చెప్పిన మూడోది, మూడూ ఒకే డ్రమ్ములో.

కొట్టేది మా కాక. నాకు పంపు మోయనిచ్చేవాడు కాదు గానీ నీళ్లు అందించే పని నాదే. డ్రమ్ములో మందు పోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపేవాడు. కట్టెతో కలిపితే సరిగ్గా కలవదట. మూతతో కొలత. కుళ్లిన ఎల్లిగడ్డ వాసన. చడ్డీ, బనీను, నెత్తికి రుమాలు. పత్తి ఛాతీ దాకా ఎదిగి ఉంటే, గాలి ఎదురుగా ఉంటే, కొట్టిన మందులో సగం తన మీదే. నాజిల్‌కు చెత్త అడ్డం పడితే విప్పి, నోట్లో పెట్టుకుని ఊదేవాడు. ఊది, ఉమ్మి, మళ్లీ బిగించేవాడు. నేను దాన్ని చూసి నేర్చుకున్నాను కూడా. ఎప్పుడైనా నాకు పంపు దొరికితే అట్లా ఊదాలని.

1993. నేను తొమ్మిదో తరగతి. ఆదివారం. పదో పంపో పదకొండో పంపో. కాక గెట్టు మీదికి వచ్చి కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట, అక్టోబరు చివర్లో అంత చెమట పట్టదు. కళ్లలోంచి, ముక్కులోంచి, నోట్లోంచి నీళ్లు. "ఎండదెబ్బ" అన్నారు. మజ్జిగ తాగించారు, చెట్టు కింద పడుకోబెట్టారు. ఒక గంట అట్లా పోయింది. నేను దగ్గరికి పోయి చూస్తే భుజం మీద చర్మం కింద పురుగులు పారుతున్నట్టు కండలు అదురుతున్నాయి. కనుపాపలు ఆవగింజంత. ఎర్రటి ఎండలో కనుపాప చిన్నదవుతుందని సైన్సు పుస్తకంలో ఉంది, కానీ ఆయన నీడలో ఉన్నాడు.

జీపులో సరిహద్దు దాటి దెగ్లూర్ తీసుకుపోయారు. అక్కడ మొదట చేసింది బట్టలు విప్పించి సబ్బుతో ఒళ్లు కడగడం. ఎవరికీ తట్టని పని అదే. మందు ఇంకా ఆ బనీనులోంచి ఒంట్లోకి ఇంకుతూనే ఉంది. తర్వాత సూదులు మొదలయ్యాయి. కొన్ని నిమిషాలకోసారి, కళ్లలో టార్చి వేసి చూడడం, ఛాతీ మీద స్టెత్ పెట్టి వినడం, మళ్లీ సూది. గదిలో ఖాళీ గాజు సీసాలు, వేలెడంతవి, గోడ పక్కన గుట్టగా పడ్డాయి. పాత అలవాటు కొద్దీ ఒకటి తీసి చూశాను. దాని మీద రంగు త్రికోణం లేదు. అట్రోపిన్ అని ఉంది.

రెండో రాత్రి కాక మాట్లాడడం మొదలుపెట్టాడు. నోరు ఎండిపోయి మాట చెక్కలా వస్తోంది. మొహం ఎర్రగా. కనుపాపలు ఇప్పుడు కంటినిండా. గోడ మీద ఎవరితోనో కూలి బేరం ఆడుతున్నాడు. చేతులు ఆగడం లేదు, దుప్పటి మీది నుంచి, గాలిలోంచి ఏదో తెంపి ఒళ్లో వేసుకుంటున్నాడు. కాసేపటికి అర్థమైంది, పత్తి ఏరుతున్నాడు. రెండు చేతులా, వాటంగా, పత్తి చేనులో ఏరినట్టే. నర్సు మెత్తటి గుడ్డతో చేతులు మంచానికి కట్టింది.

నాయనమ్మ పొద్దున వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. దగ్గరికి కూడా పోలేదు.

"వీనికెవరు ఉమ్మెత్త వెట్టిన్రు?" అంది.

డాక్టరు మరాఠాయన, తెలుగు వచ్చు. ఆ మాటకు చేతిలో కాగితం దించి ఆమెను చూశాడు. "నేనే పెట్టిన, అవ్వా," అన్నాడు.

ఆయన వేళాకోళమాడలేదు. అట్రోపిన్ ఉమ్మెత్తలో ఉండేదే. పత్తి మందు ఒంట్లో ఏం చేస్తుందంటే, నరం కండకు చెప్పే మాటను ఆగనివ్వదు. మామూలుగా నరం చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది, కండ కదులుతుంది, వెంటనే ఒక ఎంజైమ్ వచ్చి దాన్ని విరిచేస్తుంది. మోనో లాంటి మందులు ఆ ఎంజైమ్‌నే పట్టేస్తాయి. ఇక నరం చెప్పిన మాట పదేపదే మోగుతూనే ఉంటుంది: చెమట పట్టు, ఉమ్మి ఊరు, కండ అదురు. చివరికి ఊపిరి తీసే కండలు అలసిపోతాయి, ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది. పురుగును చంపేదీ ఈ దారే, మనిషిని చంపేదీ ఈ దారే. పురుగుకు వేరే ఎంజైమ్ లేదు. ఉమ్మెత్త విషం ఆ మాట వినిపించే చోట చాలావరకు చెవులు మూసేస్తుంది. చెమట ఆగుతుంది, నోరు ఎండుతుంది, కనుపాప విప్పుకుంటుంది. కొంచెం ఎక్కువైతే గోడలతో మాటలు. ఒక విషం మోతాదు ఇంకో విషం మోతాదును తూచి నిలబెట్టాలి. ఆ తూకం ఆ డాక్టరు రెండు రాత్రులు నిద్ర లేకుండా పట్టాడు. కాక తొమ్మిదో రోజు ఇంటికి వచ్చాడు.

ఇంటికి వచ్చాక నాయనమ్మ ఆయన పక్కన కూర్చుని అడిగిన మొదటి ప్రశ్న: "దాన్ని మందెందుకంటున్నర్రా?" ఆయన దగ్గర జవాబు లేదు. మరుసటి ఏడు మళ్లీ కొట్టాడు. రుమాలు నోటికి కట్టుకున్నాడు, అంతే తేడా.

ఆ ఏళ్లలోనే పాలపిట్టను చూశాను. దసరా నాడు జమ్మి దగ్గరికి పోయి వస్తూ పాలపిట్టను చూడాలి కదా. పెద్దవాళ్లు మెడలు రిక్కించి కరెంటు తీగల మీద వెతికేవాళ్లు. నేను దసరాకు మూడు రోజుల ముందే చూశాను, పత్తి సాలులో, వెల్లకిలా. రెక్క విప్పి పడుంటే ఆ నీలం ఎండలో మెరుస్తోంది. ముక్కులో సగం మింగిన పచ్చపురుగు. మందు కొట్టిన తర్వాత పురుగు వెంటనే చావదు, కొట్టుకుంటుంది, పిట్టకు కనిపించేలా కొట్టుకుంటుంది. నేను రెక్కలోంచి ఒక ఈక తీసుకుని త్రికోణాల పుస్తకంలో పెట్టుకున్నాను. దసరా నాడు ఎవరికీ పాలపిట్ట కనిపించలేదు, చూశానని నేనూ చెప్పలేదు. తర్వాత ఎప్పుడో చదివాను: 1995-96లో అర్జెంటీనా మైదానాల్లో మిడతల మీద మోనో కొడితే, ఉత్తర అమెరికా నుంచి చలికాలానికి వలస వచ్చిన స్వెయిన్సన్ డేగలు వేలకు వేలు చచ్చిపోయాయి. చచ్చినవి ఇరవై వేల దాకా ఉంటాయని అంచనా వేశారు. అంత దూరం ఎగిరి వచ్చి, మిడతలను తిని.

ఈ దేశంలో చట్టం కూడా చావుల తర్వాతే వచ్చింది. 1958లో కేరళలో పారథియాన్ అనే మందు ఓడలో తిండి సరుకుతో కలిసి ప్రయాణం చేసి, ఆ తిండి తిన్నవాళ్లు వందకు పైగా చనిపోయారు. ఆ తర్వాత కమిటీలు, నివేదికలు, పదేళ్లకు 1968లో పురుగుమందుల చట్టం. మా త్రికోణాలు ఆ చట్టం నియమాల బిడ్డలే. ఎండ్రిన్ అనే మందు 1990లో నిషేధంతో పోయింది. అది పోయినా ఊళ్లలో "ఎండ్రిన్ తాగిండు" అన్న మాట పోలేదు, ఏది తాగినా ఎండ్రినే. కాసరగోడ్ జీడితోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో చల్లిన ఎండోసల్ఫాన్‌ను 2011 మే 13న సుప్రీంకోర్టు ఆపింది. మోనోను కూరగాయల మీద వాడొద్దని 2005లో అన్నారు. పత్తి మీద మాత్రం అప్పుడు వాడుకోనిచ్చారు. కూరగాయ తినేవాడి గురించి ఆలోచించారు, సరే. పత్తికి మందు కొట్టేవాడు ఏం పీల్చాలో ఎవరికీ తట్టలేదనుకోవాలి. 2002లో బీటీ పత్తి వచ్చాక పచ్చపురుగు మందులు తగ్గిన మాట నిజం. రసం పీల్చే పురుగులకు మందులు మాత్రం ఆగలేదు, తర్వాత గులాబీ పురుగు బీటీకి కూడా అలవాటు పడింది. 2017లో మనకు ఉత్తరాన యవత్మాల్‌లో పత్తి మనిషెత్తు ఎదిగింది, మందు మొహానికి ఎదురుగా పడింది, ఇరవై మంది దాకా పోయారు, వందల మంది దవాఖాన పాలయ్యారు. పేపర్లో ఆ ఫొటోలు చూసినప్పుడు మంచాలకు కట్టిన చేతుల కోసమే వెతికాను. ఉన్నాయి.

బీహార్ సంగతి ఇంకోటి. 2013 జులై 16న సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనో ఉంది. మందు ఖాళీ డబ్బాలో నూనె పోశారని అన్నారు. ఆ వార్త చదివిన రాత్రి మా అవ్వకు ఫోను చేసి, మన ఇంట్లో కిరసనాయిలు ఏ డబ్బాలో ఉండేదని అడిగాను. "మందు డబ్బలనే ఉండె. బూడిదేసి మంచిగ తోమినం," అంది. నూనె? "నూనె కూడ."

మందు అన్న మాట ఇంకో దారిన కూడా మా వైపు వచ్చింది. నా చిన్నతనంలో కల్లంటే కల్లే. తర్వాత తర్వాత కల్లుకు ముందో మాట తగిలించాల్సి వచ్చింది, చెట్టు కల్లు అని. ఎందుకంటే రెండోది మందు కల్లు. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రజోలం. నిద్రమాత్రల మందే సీసాలో. దానికి అలవాటు పడ్డ ఒంటికి ఒక్కసారిగా అది అందకపోతే ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. 2015లో సర్కారు కల్తీ కల్లు మీద పడ్డప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు దవాఖానలు నిండింది తాగినవాళ్లతో కాదు, తాగడానికి దొరకనివాళ్లతో. 2025 ఏప్రిల్‌లో మళ్లీ, మా బాన్సువాడ పక్కనే నసరుల్లాబాద్ మండలంలో, ఈసారి తాగినవాళ్లు పదుల సంఖ్యలో పడిపోయారు. మోతాదు ఎక్కువైతే ఒక రోగం, లేకపోతే ఒక రోగం. ఈ విషానికి త్రికోణం కూడా లేదు.

పోయిన చవితికి ఊరికి వెళ్లాను. నాయనమ్మ లేదు, బాపు లేడు. కాకకు డెబ్బై దాటాయి, చేతులు కొంచెం వణుకుతాయి, అది వయసో పత్తో ఎవరూ చెప్పలేదు. పూజ సామాను ముందు కూర్చుని పత్రి లెక్క పెడుతున్నాడు. ఉమ్మెత్త లేదని నన్ను పంపాడు. పెంటకుప్ప ఉన్న చోట ఇప్పుడు రేకుల షెడ్డు, దాని వెనక సందులో మాత్రం మొక్క అట్లాగే ఉంది. ముళ్లకాయలు రెండు, తెల్లపువ్వు ఒకటి. దాన్ని ఎవరూ పీకకుండా కాకే కాపలా అట. "ఉండనియ్యి, నా పాణం కాపాడింది ఇదే" అంటాడని చిన్నమ్మ నవ్వుతూ చెప్పింది. ఆకులు తెచ్చి ఇస్తే కాక మొట్టమొదట దాన్నే తీసి పెట్టాడు, పత్రి వరస పట్టించుకోకుండా.

"సెయ్యి కడుక్కో," అంది చిన్నమ్మ. నాయనమ్మ గొంతే.

వాకిట్లో నీళ్ల తొట్టి. దాని గోడ మీద నీళ్లు ముంచుకోవడానికి ఒక ప్లాస్టిక్ డబ్బా, పై సగం కోసి, పిడి మాత్రం ఉంచినది. ముంచి రెండు చేతుల మీదా పోసుకున్నాను. కాగితం చాలామటుకు నాని ఊడిపోయింది. కింద మూల మాత్రం ఇంకా అంటుకునే ఉంది. రెండు మార్కుల పసుపు.